మొదటి పట్టీ ఖాళీ, చివరి రైతు గల్లంతు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పత్రిక పోటీ పరీక్షల పేజీలో కంప్యూటర్ ప్రశ్నలు పాతిక వేశారు. అందులో ఒకటి: "అరేలో మొదటి అంశం ఇండెక్స్ ఎంత?" (అరే అంటే ఒకే పేరు కింద వరుసగా పేర్చిన గడులు, ఇండెక్స్ అంటే ఒక్కో గడికి ఉండే నంబరు.) కింద జవాబు: సున్నా. ఏ భాషలో అన్నది ప్రశ్నలో లేదు, జవాబులోనూ లేదు. సరిగ్గా ఈ జవాబునే బట్టీ పట్టి వచ్చిన కుర్రాడి చేతిలో పడి మా కొట్లో ఒక రైతు పట్టీ (కాయ బరువు, ధర, రావాల్సిన డబ్బు రాసిచ్చే కాగితం), 1,04,796 రూపాయలది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కనబడకుండా పోయింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే నా సొంత గోల కత్తిరించండి, అంకెలున్న చోట మాత్రం చెయ్యి పెట్టకండి.

నేను గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. ముప్పై ఒక్క ఏళ్లయింది. చేరినప్పుడు ఎర్ర అట్ట చిట్టాలు, చెవిలో పెన్ను. తర్వాత షావుకారు గారు కంప్యూటర్ కొన్నారు. అప్పటి ఎక్సెల్‌లో ఒక షీటుకి 65,536 వరుసలే ఉండేవి, 2007 వెర్షన్ వచ్చాక 10,48,576 అయ్యాయి. మాక్రోలు (ఎక్సెల్ చేత పని దానంతటదే చేయించే చిన్న ప్రోగ్రాములు) నాకెవరూ నేర్పలేదు. రికార్డు బటన్ నొక్కి, నేను చేసిన పని అది ఏ మాటల్లో రాసుకుందో చూసి, ఆ మాటలు మార్చి మార్చి చూసి నేర్చుకున్నాను. కాబట్టి నా దగ్గర సర్టిఫికెట్టు లేదు. చేసిన తప్పులు మాత్రం బోలెడున్నాయి, వాటిలో కొన్ని కింద రాస్తున్నాను.

ముందు మా షీటు ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పైన మొదటి వరుసలో కొట్టు పేరు, రెండో దాంట్లో తేదీ, మూడోది ఖాళీ, నాలుగో వరుసలో తలకట్లు. రైతుల వివరాలు ఐదో వరుస నుంచి మొదలు. ఏ కాలమ్‌లో లాటు నంబరు, బి లో రైతు పేరు, సి లో రకం (తేజ, 334, బాడిగ, తాలు, ఏదైతే అది), డి లో టిక్కీలు (మిర్చి బస్తాలు), ఇ లో నికర బరువు కిలోల్లో, ఎఫ్ లో క్వింటా ధర. కాటా అయ్యాక వీటిని ఎక్కించి ఒక బటన్ నొక్కితే ఒక్కో రైతుకి ఒక్కో పట్టీ అచ్చయి వస్తుంది. సీజన్‌లో ఆ బటన్ నొక్కే సమయానికి గుమ్మం బయట పాతికమంది నిలబడి ఉంటారు.

మొదట్లో నా మాక్రో ఒక్కో గడి దగ్గరికీ వెళ్లి చదివేది. పేరు కోసం ఒకసారి, బరువు కోసం ఒకసారి, ధర కోసం ఒకసారి. మాక్రో ఒక చోట, షీటు ఒక చోట. మధ్యలో ప్రతి గడికీ ఒక రాకపోక. రోజువారీ పట్టీలకి ఇది తెలియదు గానీ, సీజన్ మొత్తం లెక్క తీయాలంటే టీ తాగి వచ్చినా అయ్యేది కాదు. హమాలీ టిక్కీ మొత్తం భుజాన వేసుకుని ఒక్క నడకలో తెస్తాడా, ఒక్కో కాయ చేత్తో పట్టుకుని లారీకీ కొట్టుకీ మధ్య తిరుగుతాడా? మొత్తం రేంజ్‌ని (షీటులో మనం చూపించిన గడులన్నిటినీ) ఒకేసారి ఒక వేరియంట్‌లోకి (మాక్రో లోపలి ఖాళీ సంచి లాంటిది) ఎత్తుకుంటే అదే టిక్కీ మోత. "డేటా ఈక్వల్‌టు రేంజ్ ఏ5 నుంచి ఎఫ్45 డాట్ వాల్యూ" అని ఒక్క లైను. అంతే, 41 వరుసలు, 6 కాలమ్‌లు ఒక్క నడకలో మాక్రో లోపలికి వచ్చి కూర్చుంటాయి. అలా కూర్చున్నదాన్నే అరే అంటారు. (మనం "అరే" అని పిలిచే పిలుపు కాదు. మా షావుకారు గారికి ఈ మాట వినబడ్డ ప్రతిసారీ ఎవర్ని పిలిచానా అని తలెత్తి చూస్తారు.)

ఇక అసలు సంగతి. ఈ సీజన్‌లో షావుకారు గారి మేనల్లుడు, బీటెక్ అయిన కుర్రాడు, ఉద్యోగం వచ్చేదాకా కొట్లో ఉంటానని వచ్చాడు. మంచివాడు, చురుకైనవాడు, పైథాన్ బాగా వచ్చు. నా మాక్రో చూసి, "బాబాయ్, ఇది రాతియుగంలా ఉంది, నేను శుభ్రం చేసి ఇస్తా" అన్నాడు. సరే అన్నాను. శుభ్రమూ చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను పేజీన్నర రాసింది అతను పదహారు లైన్లలో పెట్టాడు. అందులో ఒక లైను: "ఫర్ ఐ ఈక్వల్‌టు 0 టు యూబౌండ్ మైనస్ 1". అంటే ఐ అనే లెక్క సున్నా దగ్గర మొదలై, అరే చివరి నంబరు కంటే ఒకటి తక్కువ దాకా తిరగాలని.

మొదటి రోజు ఏమీ జరగలేదు. అంటే జరిగింది గానీ తెలియలేదు. ఆ రోజు చివరి లాటు షావుకారు గారి సొంత పొలం కాయ. ఆయన పట్టీ ఆయన అడగరు కదా.

రెండో రోజు 41 లాట్లు. బటన్ నొక్కాం, ప్రింటర్ కదిలింది. మొట్టమొదట వచ్చిన కాగితం మీద కొట్టు పేరు, తేదీ తప్ప ఏమీ లేదు, మొత్తం దగ్గర సున్నా. ప్రింటర్ దగ్గర కూర్చున్న పిల్లాడు "టెస్టు పేజీ" అనుకుని దాన్ని మడిచి లెక్కలకి వాడుకున్నాడు. పట్టీలు లెక్కపెట్టమన్నాను. "నలభై ఒకటి వచ్చాయండీ, సరిపోయింది" అన్నాడు. లాట్లు నలభై ఒకటి, కాగితాలు నలభై ఒకటి. నేనూ సరిపోయిందనే అనుకున్నాను. ఈ చోటు గుర్తు పెట్టుకోండి.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. గుమ్మం పక్కన గోనె సంచి మీద ఒక ముసలాయన కూర్చునే ఉన్నాడు.

"ఏం పెద్దాయనా, ఇంకా ఉన్నావే?"

"నా పట్టీ రాలేదు కదండీ గుమస్తా గారూ. పిలుస్తారేమోనని చూస్తన్నా."

"ఎన్ని టిక్కీలు?"

"పద్దెనిమిది. తేజ. పద్నాలుగు వేల రెండొందలకి కొట్టారు."

షీటు తెరిస్తే 45వ వరుసలో ఆయన పేరు నిక్షేపంగా ఉంది. 18 టిక్కీలు, 738 కిలోలు, ధర 14,200. చేత్తో వేశాను: 7.38 ఇంటూ 14,200, లక్షా నాలుగు వేల ఏడు వందల తొంభై ఆరు. ఖర్చులు పోను రాసి ఇచ్చి, క్షమించమన్నాను. "కంప్యూటర్ పొరపాటాండీ?" అన్నాడు. అవునంటే అక్కడితో అయిపోయేది. కానీ కంప్యూటర్ ఏ పొరపాటూ చెయ్యలేదని నాకు తెలుసు. "కాదు పెద్దాయనా, మాదే" అన్నాను. ఆయనకి చివరి బస్సు దొరికిందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి నేనూ కుర్రాడూ కూర్చుని ఒక్కో లైనూ నడిపించి చూశాం. షీటు నుంచి రేంజ్‌ని ఎత్తుకుంటే వచ్చే అరే ఎప్పుడూ 1 నుంచే మొదలవుతుంది. వరుసలూ 1 నుంచే, కాలమ్‌లూ 1 నుంచే. అంటే మా 41 మంది రైతులు డేటా(1, 2) నుంచి డేటా(41, 2) దాకా ఉన్నారు. (బ్రాకెట్లో మొదటి అంకె వరుస, రెండోది కాలమ్. పేర్లు రెండో కాలమ్.) డేటా(0, 2) అనే గడి లేనే లేదు. కుర్రాడి లెక్క 0 నుంచి 40 దాకా తిరిగింది, మొత్తం 41 తిప్పులు. సున్నా దగ్గర ఎవరూ లేరు, ఖాళీ పట్టీ. 1 నుంచి 40 దాకా నలభై మందికి సరైన పట్టీలు. నలభై ఒకటో రైతు దగ్గరికి లెక్క వెళ్లనే లేదు. ఒకటి దొంగది, నలభై అసలువి, కలిపి 41. అందుకే కాగితాలు లెక్కపెట్టినా దొరకలేదు. మొత్తం రూపాయలు కూడి చూసుకుని ఉంటే ఆ నిమిషంలోనే దొరికేది.

మరి లేని గడిని అడిగితే ఎక్సెల్ గొడవ చెయ్యాలి కదా అని మీరడగొచ్చు. చేస్తుంది. "సబ్‌స్క్రిప్ట్ అవుట్ ఆఫ్ రేంజ్" అని, తప్పు నంబరు 9 అని, పసుపు గీత గీసి ఆపేస్తుంది. ఇక్కడ ఆపలేదు, ఎందుకంటే మాక్రో పైన "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్" అని ఒక లైనుంది. తప్పు వస్తే పట్టించుకోకుండా తర్వాతి లైనుకి పో అని దానర్థం. ఆ లైను కుర్రాడిది కాదండీ, నాది. ఎప్పుడో ప్రింటర్ మొరాయించి మధ్యలో మాక్రో ఆగిపోతోందని విసిగి నేనే పెట్టాను. కుర్రాడు నా మీద గౌరవంతో దాన్ని అలాగే ఉంచాడు. ఇంకొకటి కూడా ఉంది. ప్రతి పట్టీకి ముందు నమూనాలో పాత పేరూ బరువూ తుడిచే లైను ఒకటి ఉండబట్టి సరిపోయింది. అది కూడా లేకపోతే, పేరు తీసుకోవాల్సిన చోట వచ్చిన తప్పుని మాక్రో దాటేసి, నమూనాలో ముందు రోజు చివర్న మిగిలిన రైతు పేరే ఉండిపోయేది. ఖాళీ పట్టీకి బదులు వేరే మనిషి పేరు మీద, వేరే రోజు బరువుతో పట్టీ వచ్చేది. దాని మీద డబ్బు కూడా ఇచ్చేసేవాళ్లం.

కుర్రాడు చాలాసేపు ఒప్పుకోలేదు. "బాబాయ్, అరే అంటేనే సున్నా నుంచి. ప్రపంచమంతా అంతే. ప్రతి టెస్టులో ఇదే జవాబు" అన్నాడు. ఆ జవాబే మీ పేజీలో మళ్లీ కనబడింది.

నేను అతనికి బ్రాడీపేటతో చెప్పాను. గుంటూరు వాళ్లకి ఇంకేం చెప్పినా ఇంత తొందరగా ఎక్కదు. మా ఊళ్లో బ్రాడీపేట, అరండల్‌పేట చిరునామా ఎలా చెబుతాం? "బ్రాడీపేట 4/14" అంటాం. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ముందు లైను, తర్వాత అడ్డరోడ్డు. తిరగేసి చెబితే ఆటోవాడు ఇంకెక్కడికో తీసుకుపోతాడు. డేటా(4, 14) అన్నా అంతే: ముందు అడ్డు వరుస, తర్వాత నిలువు కాలమ్. సున్నా లైను ఎక్కడుందని అడిగితే ఊళ్లో ఎవరూ చూపించలేరు, ఎందుకంటే లైన్లు ఒకటి నుంచే. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒకే కాలమ్ ఎత్తుకున్నా సరే అది రెండు అంకెల చిరునామానే. ఎఫ్5 నుంచి ఎఫ్45 దాకా ధరలు మాత్రమే తెచ్చుకున్నా డేటా(3) అంటే కుదరదు, డేటా(3, 1) అనాలి. ఒకే అడ్డరోడ్డు ఉన్న పేటలో కూడా 3/1 అనే రాయాలన్నమాట.

అయితే ఈ పోలిక ఒకచోట దెబ్బతింటుంది, ఆ దెబ్బ నేను తిన్నాను. బ్రాడీపేట నాలుగో లైను ఎవరు ఎక్కడి నుంచి చూసినా నాలుగో లైనే. అరే అలా కాదు. నేను మొదటిసారి అరే వాడినప్పుడు రైతులు ఐదో వరుస నుంచి ఉన్నారు కదా అని "ఫర్ ఐ ఈక్వల్‌టు 5 టు 44" అని రాశాను. ఆ రోజు 40 లాట్లు, షీటులో 5 నుంచి 44 దాకా. కానీ ఎత్తుకొచ్చిన అరేకి తను షీటులో ఎక్కడ పుట్టిందో జ్ఞాపకం ఉండదు. షీటులో ఐదో వరుస అరేలో ఒకటో వరుస. నేను 5 నుంచి మొదలుపెట్టేసరికి మొదటి నలుగురు రైతులూ ఎగిరిపోయారు, 36 పట్టీలు వచ్చాయి, 41 దగ్గరికి వెళ్లేసరికి తొమ్మిదో నంబరు తప్పు వచ్చి ఆగింది. అప్పటికింకా ఆ తప్పులు మింగే లైను పెట్టలేదు కాబట్టి బతికిపోయాను. అప్పుడే గోడ మీద రాసి అంటించుకున్నాను: షీటు వరుస కావాలంటే అరే వరుసకి రేంజ్ మొదటి వరుస కలిపి ఒకటి తియ్యి. 41 ప్లస్ 5 మైనస్ 1, 45. ఆ ముసలాయన వరుస సరిగ్గా అదే. యూజ్డ్‌రేంజ్ (షీటులో వాడిన గడులున్న మేర) అని రాసి ఎత్తుకునేవాళ్లకి ఇది మరీ అవసరం. పైన రెండు వరుసలు పూర్తిగా ఖాళీగా ఉంటే అది మూడో వరుస నుంచి మొదలవ్వొచ్చు, మనం మాత్రం మొదటి గడి ఏ1 అనుకుంటాం.

ఇప్పుడు కుర్రాడి వైపు న్యాయం చెప్పాలి. వీబీఏలో (మాక్రోలు రాసే భాష) సున్నా లేదని నేనంటే అది అబద్ధం. అదే మాక్రోలో ఇంకో చోట సి కాలమ్‌లో మేం "తేజ/ఏసీ/కొత్త" అని రాసుకుంటాం, రకం, కోల్డ్ స్టోరేజీదా కాదా, ఏ పంట అని. దాన్ని గీత దగ్గర విడగొట్టడానికి స్ప్లిట్ అనే ఫంక్షన్ ఉంది. స్ప్లిట్ ఇచ్చే అరే సున్నా నుంచే మొదలు. తేజ 0, ఏసీ 1, కొత్త 2. అంటే ఒకే మాక్రోలో, రెండు లైన్ల తేడాలో, రేంజ్ నుంచి వచ్చింది ఒకటితో, స్ప్లిట్ నుంచి వచ్చింది సున్నాతో. పేజీ పైన "ఆప్షన్ బేస్ 1" అని రాస్తే అన్నీ ఒకటి నుంచి అయిపోతాయని చాలామంది అనుకుంటారు. అయిపోవు. రేంజ్ ఎప్పుడూ 1, స్ప్లిట్ ఎప్పుడూ 0, వాటికి ఆప్షన్ బేస్‌తో సంబంధం లేదు. అది మనం సొంతంగా ప్రకటించుకునే అరేల మీద, అరే అనే పేరుతోనే ఉన్న ఫంక్షన్ మీద పనిచేస్తుంది. ఆప్షన్ బేస్ రాయకుండా "డిమ్ ఏ(10)" అని అరే ప్రకటిస్తే పది గడులు కాదు, పదకొండు. సున్నా నుంచి పది దాకా. ఇది తెలియక ఏడాదిపాటు పదకొండో గడిలో గాలి మోశాను.

అందుకే కుర్రాడూ నేనూ చివరికి ఒప్పందానికి వచ్చాం. ఎక్కడా సున్నా రాయొద్దు, ఒకటీ రాయొద్దు. "ఫర్ ఐ ఈక్వల్‌టు ఎల్‌బౌండ్(డేటా, 1) టు యూబౌండ్(డేటా, 1)" అని రాయాలి. ఎల్‌బౌండ్ అంటే నువ్వు ఎక్కడ మొదలవుతావని అరేనే అడగడం, యూబౌండ్ అంటే ఎక్కడ అయిపోతావని అడగడం. వెనకాల 1 అంటే వరుసల గురించి అడుగుతున్నాం, 2 అంటే కాలమ్‌ల గురించి. బండి ఎన్ని గంటలకని స్టేషన్‌లో అడిగి తెలుసుకోవచ్చు కదా, పోయినేడాది టైమ్‌టేబుల్ ఎందుకు? ఇంకొకటి, ఐ ని ఇంటిజర్ అని కాకుండా లాంగ్ అని ప్రకటించాలి. ఇంటిజర్ 32,767 దగ్గర ఆగిపోతుంది, సీజన్ మొత్తం చిట్టా ఆ గీత దాటుతుంది. ఇది అడక్కుండానే కుర్రాడు చేసిపెట్టాడు.

ఒక్క గడి సంగతి కూడా రాయాలి, ఎందుకంటే ఇది ఏ పుస్తకంలో చదివినా తలకెక్కదు, కాలితేనే తెలుస్తుంది. వేసవి సెలవుల తర్వాత యార్డు తెరిచిన రోజు మా కొట్టుకి ఒక్కటే లాటు వచ్చింది. రోజు సగటు ధర తీసే చిన్న మాక్రో ఒకటుంది, అది ఎఫ్ కాలమ్ మాత్రమే ఎత్తుకుంటుంది. ఆ రోజు ఎఫ్5 నుంచి ఎఫ్5 దాకా. రేంజ్‌లో ఒకే గడి ఉంటే ఎక్సెల్ అరే ఇవ్వదు, ఆ గడిలోని అంకెనే ఉత్తినే చేతిలో పెడుతుంది. సంచిలో ఒక్క కాయ ఉంటే సంచి లేకుండా ఇచ్చినట్టు. నేను దాన్ని పట్టుకుని యూబౌండ్ ఎంత అని అడిగాను. "టైప్ మిస్‌మ్యాచ్", తప్పు నంబరు 13. మూడేళ్లు రోజూ నడిచిన మాక్రో, ఏమీ మార్చకుండా, ఆ రోజు పడిపోయింది. ముందు ఈజ్అరే (నువ్వు అరేవేనా) అని అడిగి చూసుకోవచ్చు. నేను మాత్రం పల్లెటూరి ఉపాయం పన్నాను, ఇ, ఎఫ్ రెండు కాలమ్‌లూ కలిపి ఎత్తుకుంటాను. రెండు గడులు ఉంటే చాలు, ఎప్పుడూ అరేనే వస్తుంది. కుర్రాడికి ఈ ఉపాయం నచ్చలేదు.

ఎత్తుకోవడం ఒక ఎత్తు, తిరిగి దింపడం ఇంకో ఎత్తు. రైతుల పేర్లు ఒక వరుసగా, ఒకే అంకె చిరునామా ఉన్న అరేలో పోగేసి, హెచ్ కాలమ్‌లో నిలువుగా దింపాను. నలభై ఒక్క గడుల్లోనూ ఒక్కడే రైతు. మొదటాయన పేరే పై నుంచి కింద దాకా. ఆ రోజు యార్డు మొత్తం కాయ ఆయనొక్కడే తెచ్చినట్టుంది షీటు! ఒకే అంకె అరేని ఎక్సెల్ అడ్డంగా పరిచిన వరుస అనుకుంటుంది, నిలువు కాలమ్‌లో దింపితే ప్రతి గడిలోనూ ఆ వరుసలో మొదటిదే పడుతుంది. ట్రాన్స్‌పోజ్ చెయ్యాలి (అడ్డాన్ని నిలువుగా తిప్పాలి), లేదా మొదటే (1 టు 41, 1 టు 1) అని రెండంకెల అరే కట్టుకోవాలి. దింపే చోటు అరే కంటే పెద్దదైతే మిగిలిన గడుల్లో ఎన్/ఏ గుర్తులు వస్తాయి, కనీసం కళ్లకి కనబడతాయి. చోటు చిన్నదైతే మాత్రం మిగిలినవాళ్లు ఏ చప్పుడూ లేకుండా పోతారు. మళ్లీ చివరి రైతే.

అసలు సున్నా ఎందుకొచ్చిందని నేను కుర్రాడినే అడిగాను, చక్కగా చెప్పాడు. సి భాషలో ఇండెక్స్ అంటే వరుస సంఖ్య కాదట, మొదటి చోటు నుంచి ఎంత దూరం అన్నదట. మొదటిది మొదటి చోటుకి సున్నా దూరంలో ఉంది కాబట్టి సున్నా. జావా, పైథాన్ అదే దారి. 1982లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త సున్నా నుంచే లెక్కపెట్టాలని వాదిస్తూ చేతిరాతలో ఒక నోటు కూడా రాశాడట. సరే. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ ఒకటి నుంచి లెక్కపెట్టేది, అదీ ఆయనకి తెలిసే ఉంటుంది. ఎక్సెల్ షీటులో వరుసలు ఒకటి నుంచి ఉన్నాయి కాబట్టి రేంజ్ అరే కూడా ఒకటి నుంచి ఉండడం నాకు సబబుగానే అనిపిస్తుంది. ఎవరి లెక్క వారిది.

మా నాన్న పొన్నూరు దగ్గర కళ్లంలో కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు "ఒకటి" అనేవాడు కాదు. మొదటి కుంచానికి "లాభం" అనేవాడు, ఆ తర్వాత "రెండు, మూడు". చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని బొగ్గుతో గీతలు గీసేవాణ్ణి. "లాభం" వినబడ్డప్పుడు అది అంకె కాదనుకుని గీత పెట్టలేదు, "రెండు" దగ్గర మొదలెట్టాను. ఆ రోజు ఒక కుంచం తక్కువొచ్చి నాన్న చేత తిన్న మొట్టికాయ గుర్తుంది. మా కుర్రాడిది కూడా ఇంచుమించు అదే మొట్టికాయ. కాకపోతే నేను తప్పింది మొదటి కుంచం, వాడు తప్పింది చివరి రైతు.

కొత్తవాళ్లకి పరిస్థితి ఇంకా కష్టం. ఇప్పుడు యార్డులో కొందరు గూగుల్ షీట్లకి మారారు. అందులో గెట్‌రేంజ్(5, 2) అంటే ఐదో వరుస, రెండో కాలమ్, అంటే ఒకటి నుంచి లెక్క. దాని నుంచి గెట్‌వాల్యూస్ అని తెచ్చుకున్న అరే మాత్రం సున్నా నుంచి. ఒకే లైనులో రెండు లెక్కలు! పైథాన్‌తో ఎక్సెల్ ఫైలు తెరిచే ఓపెన్‌పైఎక్సెల్‌లో గడుల చిరునామా ఒకటి నుంచి, పైథాన్ సొంత లిస్టులు సున్నా నుంచి. సున్నా తప్పా ఒకటి తప్పా అని నేనడగడం లేదు. ఏది ఎక్కడో చెప్పకుండా ఒక్క అంకె అచ్చువేసి, పక్కన టిక్కు పెట్టి పిల్లలకి ఇవ్వొద్దంటున్నాను. ఈ పిల్లలు రేపు వచ్చి కూర్చునేది అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో కాదు. మా కొట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో, పొగాకు బేళ్ల లెక్కల్లో, పట్నం బజారు హోల్‌సేల్ బట్టల కొట్లలో. అక్కడ ఉండేది ఎక్సెలే.

కాబట్టి మనవి ఇది. ఆ ప్రశ్నకి సవరణ వెయ్యండి. ప్రశ్నలో భాష పేరు చేర్చండి: సి లో అయితే సున్నా, ఎక్సెల్ రేంజ్ నుంచి తెచ్చుకున్న అరేలో అయితే ఒకటి. వీలైతే పైన నేను రాసిన ఒక్క గడి సంగతి, నిలువుగా దింపే సంగతి మీ పేజీలో చిన్న బాక్సులో వెయ్యండి. మా కుర్రాడు బొమ్మతో సహా గీసి ఇస్తానన్నాడు. వాడికి వచ్చే నెల హైదరాబాదులో ఉద్యోగం, అంతలోపు అడిగితే మంచిది.

మా మాక్రోలో తప్పులు మింగే లైను తీసేశాం. ప్రింటర్ దగ్గర మాత్రం దానికి వేరే కాపలా పెట్టాం, అది కూడా ప్రింటు లైనుకి ముందు పెట్టి వెంటనే తర్వాతి లైనులో తీసేస్తాం. ఇప్పుడు మాక్రో పట్టీల సంఖ్యతో పాటు పట్టీల మొత్తం రూపాయలూ షీటు మొత్తమూ పక్కపక్కన చూపిస్తుంది, రెండూ ఒకటైతేనే అచ్చు. ముసలాయన మళ్లీ పోయిన మంగళవారం వచ్చాడు, తాలు కాయ పదకొండు టిక్కీలు. పట్టీ చేతికిస్తే రెండువైపులా తిప్పి చూసి, "ఇయ్యాల నేనెన్నోవోణ్ణి?" అని అడిగాడు. ఇరవై మూడో లాటు అన్నాను. "అయితే ఫర్లేదు" అన్నాడు.

భవదీయుడు,
మిర్చియార్డు గుమస్తా ఒకడు,
గుంటూరు.

(పేరు వెయ్యవద్దు. షావుకారు గారు మీ పత్రికే చదువుతారు.)